పడని వాసన

కోవిల్‌పట్టిలో ఒక ఇంటి వెనక వసారాలో మల్లెపూల సబ్బు తయారవుతోంది. చేస్తున్నావిడ ముక్కుకు తడిగుడ్డ కట్టుకుంది. కాస్టిక్ సోడా ఆవిరికి జడిసి కట్టుకుందేమో అనుకున్నాను. కానీ సోడా నీళ్లు పొద్దున్నే పెరట్లో కలిపి, చల్లారబెట్టి, నూనెల్లో పోసి చిలకడం కూడా అయిపోయింది. గుడ్డ కట్టింది ఇప్పుడే, సెంటు సీసా మూత తీయబోయే ముందు.

"నాకు ఈ వాసన పడదు తమ్ముడూ, తలనొప్పి వచ్చేస్తుంది" అంది గుడ్డలోంచే.

పడనిదాన్ని ఆవిడ ఎంత శ్రద్ధగా తూచిందో చూడాలి. అరచేయంత ఎలక్ట్రానిక్ కాటా, దాని మీద స్టీలు గిన్నె. కిలో నూనెకు 30 గ్రాముల సెంటు. 29 దగ్గర చెయ్యి ఆగింది. తరవాత చుక్క, చూపు, మళ్లీ చుక్క. 30 కనిపించగానే మూత బిగించి, దాని మీద ప్లాస్టిక్ కవరు చుట్టి, రబ్బరు బ్యాండు వేసి, పాముల వాడు బుట్ట మూసినంత జాగ్రత్తగా అటక మీద పెట్టింది.

మర్నాడు విరుదునగర్‌లో ఒక నూనె కొట్టుకు వెళ్లాను. ఆ వైపు కొట్టు యజమాని ఎవరైనా సరే అందరికీ అన్నాచ్చే. ఈ అన్నాచ్చి డబ్బాలోంచి నాలుగు చుక్కల నువ్వుల నూనె అరచేతిలో వేసుకుని, రెండో చేత్తో గట్టిగా రుద్ది, దోసిలి ముక్కుకు ఆనించి కళ్లు మూసుకున్నారు. ఆయన కళ్లు తెరిచేదాకా గుమాస్తాతో సహా ఎవరూ నోరెత్తలేదు. తరవాత తల అడ్డంగా ఊపారు. ఆ డబ్బా వెనక్కి వెళ్లిపోయింది.

రెండు ఊళ్లకూ నడుమ సుమారు 50 కిలోమీటర్లు, మధ్యలో సాత్తూరు. ఒకామె ముక్కు మూసుకుని పనిచేస్తుంది, ఒకాయన ముక్కుతోనే పనిచేస్తాడు. ఇద్దరి సరుకుకూ మూలం నూనే. ఇద్దరినీ పక్కపక్కన నిలబెట్టి చూడాలనిపించింది. ఎవరి పక్షమూ వహించే ఉద్దేశం లేదు. ఒకరి చేతి సబ్బుతో స్నానం చేసి, ఇంకొకరి నూనెతో ఇడ్లీ పొడి తిన్నవాణ్ని.

తెలుగు పాఠకుడికి సబ్బు సంగతి కొత్త కాదు. కానీ ఆ నేల సంగతి కొంత చెప్పాలి. మనం నల్లరేగడి అనేదాన్ని వాళ్లు కరిసల్ అంటారు. పత్తి, వేరుశెనగ, నువ్వులు పండే నేల. ఆ నేల మీద తెలుగు మాట్లాడే ఇళ్లు వందల ఏళ్లుగా ఉన్నాయి. కోవిల్‌పట్టి దగ్గరి ఇడైసెవల్‌లో పుట్టిన కి. రాజనారాయణన్ అలాంటి ఇంటివాడే. ఆంధ్ర ప్రాంతం నుంచి పారిపోయి దక్షిణానికి చేరిన తెలుగువాళ్ల కథను 'గోపల్ల గ్రామం'గా తమిళంలో రాశాడు, దాని కొనసాగింపు 'గోపల్లపురత్తు మక్కళ్'కి 1991లో సాహిత్య అకాడమీ బహుమతి అందుకున్నాడు. ఆ సబ్బు చేసే ఆవిడది, నేను అక్కా అని పిలిచేది, కూడా అలాంటి ఇల్లే. మా అన్నయ్య అత్తవారి వైపు చుట్టం. ఇంట్లో తెలుగు, వాకిట్లో తమిళం. విరుదునగర్ దారి వేరు. అది బజారు ఊరు. పప్పులు, మిరపకాయలు, ధనియాలు, నూనెలు అక్కడికి వస్తాయి, ధర కట్టించుకుని వెళ్లిపోతాయి. కామరాజ్ పుట్టిన ఊరని మనవాళ్లకు గుర్తు. సరుకు తెలిసినవాళ్లకు మాత్రం అది ధరల ఊరు. ధర కట్టాలంటే ముందు వాసన చూడాలి.

వాసన మాటల దగ్గర రెండు భాషలూ ఒకే తప్పు చేశాయి. తమిళంలో నాట్రం అంటే ఒకప్పుడు పరిమళం. పాత కావ్యాల్లో పూలకు నాట్రం ఉండేది. ఇప్పుడు ఆ మాట అంటే కొట్టుకుంటారు, దుర్వాసన అని అర్థం. అలాగే మన కంపు. పాత తెలుగులో పూలకు, కస్తూరికి కంపు ఉండేది. ఇప్పుడది మురిక్కాలవలో పడింది. ఐతే గంధం విషయంలో దారులు విడిపోయాయి. సంస్కృతంలో ఏ వాసనైనా గంధమే. తమిళులు చెట్టును చందనం అనే పిలిచి ఊరుకున్నారు, మనం మాత్రం గంధం అన్న మాట మొత్తాన్ని ఆ ఒక్క చెక్కకే రాసిచ్చేశాం. తెలుగువాడికి వాసన అంటే అసలు గంధపు వాసనేనన్నమాట. మైసూర్ శాండల్ సబ్బు మన ఇళ్లలో ఇన్ని తరాలు తిష్ట వేయడంలో మాటకు కూడా పాలుందేమోనని నాకు అనుమానం.

ఇంకో మాట, పడదు. దీనికి తమిళంలో సరిజోడు వెతికాను, దొరికినవేవీ నిండుగా అనిపించలేదు. నచ్చదు అంటే మనసు సంగతి. గిట్టదు అంటే అందులో కొంత కక్ష ఉంది. పడదు అంటే ఒళ్లూ మనసూ కలిసి చెప్పే మాట. వంకాయ పడదు, కొత్త ఊరి నీళ్లు పడవు, అత్తకూ కోడలికీ పడదు. తమాషా ఏమిటంటే సబ్బు లెక్కంతా ఈ క్రియాపదం మీదే నడుస్తుంది. కొబ్బరినూనె 100 గ్రాములకు సుమారు 18 గ్రాముల కాస్టిక్ సోడా పడుతుంది, నువ్వుల నూనెకు 13, 14 పడుతుంది. ఎంత పడుతుందో తెలియకపోతే సబ్బు చర్మాన్ని తినేస్తుంది. అక్కకు సోడా ఎంత పడుతుందో నోటికి వచ్చు. ఆవిడకు పడనిది మల్లె ఒక్కటే.

మధుర మల్లెకు 2013లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ మల్లె రోజూ బస్సెక్కి వచ్చే ఊళ్లో ఉంటూ ఈ మాట అనడం ఏమిటి? అడిగాను. పూలంటే అక్కకు ఇష్టమే. తలలో పెట్టుకుంటుంది. రాత్రికి వాడి, కొంచెం మగ్గి, దిండు మీద రాలిన మల్లె వాసన ఇంకా ఇష్టమంది. "ఈ సీసాలోది వాడదు. పొద్దునా అట్లే, రాత్రీ అట్లే. వాడని పూవు పూవెట్లా అవుతుంది?"

ఆ మాటలో రసాయన శాస్త్రం ఉంది, ఆవిడ అనుకుని అనకపోయినా. నిజం మల్లెలో ఇండోల్ అనే పదార్థం ఉంటుంది. ఒంటరిగా చూస్తే కలరా ఉండల్నీ, ఇంకా చెప్పుకోకూడని వాటినీ గుర్తుచేస్తుంది. పూలో పిసరంత ఉంటే చాలు, మల్లెకు ప్రాణం వస్తుంది. సబ్బుల్లో పోసే మల్లె సెంటుకు వెన్నెముక బెంజైల్ అసిటేట్. సీసా మూత తీయగానే కొట్టే ఆ అరటిపండు, గోళ్ల రంగు కలిసిన ఘాటు దానిదే. అసలు మల్లె నూనె సబ్బులో పోసే ఖరీదు కాదు. కాబట్టి సబ్బు మల్లెకు పుట్టుకా లేదు, వాడిపోవడమూ లేదు. అక్క ముక్కు తప్పు పట్టింది అక్కడే.

అటు నూనెలో వ్యవహారం పైకి ఇందుకు పూర్తిగా ఎదురు. సబ్బుకు వాసన బయటినుంచి వస్తుంది, నువ్వుల నూనెకు లోపలినుంచి పుడుతుంది. చైనా, కొరియా వంటల్లో వాడే నువ్వుల నూనె వేయించిన గింజది, అది వేరే జాతి. మనదీ తమిళులదీ పచ్చి గింజ నూనె. వాళ్లు దాన్ని నల్లెణ్ణెయ్ అంటారు, మంచి నూనె అని. మన పెద్దవాళ్లు కూడా మంచినూనె అనే అనేవారు. కృష్ణా గుంటూరు వైపు ఆవకాయ కలిపేవాళ్లకు ఆ నూనె ఎంత ముఖ్యమో నేను చెప్పనక్కర్లేదు. సబ్బు చేసేవాళ్లు ఇష్టం లేని సెంటును పోయగలరు, నూనె ఆడించేవాడు ఇష్టంలేని వాసనను ఎక్కడ పోస్తాడు? గింజలో ఉన్నదే వస్తుంది కదా!

ఇలా రాసుకుని సంతోషపడుతుండగా అన్నాచ్చి నా సిద్ధాంతాన్ని ఒక్క మాటతో పడగొట్టారు. చెక్కులో, అంటే మన గానుగలో, నువ్వుల మధ్య తాటిబెల్లం వేస్తారట. కరుప్పట్టి. గింజ జిగురు పట్టి నూనె బాగా విడుస్తుంది, అడుగున ఒక తీపి కమ్మదనం మిగులుతుంది. అంటే మంచి నూనె కమ్మదనంలో తాటిచెట్టుకూ వాటా ఉంది. నూనెలో కూడా చెయ్యి పెట్టేవాడున్నాడు. కాకపోతే ఆ చెయ్యి తనకు ఇష్టమైనదాన్నే వేస్తుంది.

తేడా అసలు ఎక్కడుందో అప్పుడు కనిపించింది. అన్నాచ్చికి తన ముక్కు జడ్జీ. నాకు నచ్చనిది నేను అమ్మను అన్నది ఆయన పరువు. అక్కకు తన ముక్కు నౌకరు. సీమంతాలకూ, ఓణీల వేడుకలకూ చిన్న చిన్న సబ్బులు రెండేసి వందలు కావాలంటారు, రిటర్న్ గిఫ్టు. నూటికి తొంభైమంది అడిగేది మల్లె, గులాబి. ఆవిడకు ఇష్టమైన వట్టివేరు అడిగేవాళ్లు ఏడాదికి ఒకరిద్దరు. నాకు నచ్చనిదైనా నీకు నచ్చేలా చేస్తాను అన్నది ఆవిడ పరువు. రెండూ పరువులే. మన విమర్శలో మొదటిదాన్ని నిజాయితీ అనీ రెండోదాన్ని రాజీ అనీ పేరుపెట్టే అలవాటు బాగా ముదిరింది. నేనూ ఆ పేర్లు చాలాసార్లు పెట్టాను. దర్జీకి చుక్కల చొక్కా నచ్చకపోతే గుండీలు వంకరగా కుడతాడా?

కోవిల్‌పట్టికి దగ్గరే ఎట్టయపురం. 1904లో సుబ్బరామ దీక్షితులు తన 'సంగీత సంప్రదాయ ప్రదర్శిని'ని అక్కడ తెలుగులో అచ్చువేయించాడు. తమిళ దేశపు సంస్థానంలో, అంత పెద్ద తెలుగు పుస్తకం, ముత్తుస్వామి దీక్షితుల కీర్తనలు గమకాల గుర్తులతో సహా. అందులో ఎక్కించిన ప్రతి వాగ్గేయకారుడి ప్రతి రచనా ఆయనకు సమానంగా ఇష్టమా అని ఎవరూ అడగరు. ఇష్టంలేనిదానికి గమకం తప్పుగా రాసి ఉంటే మాత్రం అడుగుతాం.

సబ్బు చరిత్రలో కూడా ఈ రెండు పరువులూ పక్కపక్కనే నడిచాయి. మొదటి ప్రపంచ యుద్ధంలో గంధపు చెక్క ఎగుమతి ఆగిపోయి మైసూరులో గుట్టలు పడితే, 1916లో గంధం నూనె ఫ్యాక్టరీ పెట్టారు, రెండేళ్లలో సబ్బు కూడా వచ్చింది. రాజు నాల్వడి కృష్ణరాజ ఒడెయరు, దివాను మోక్షగుండం విశ్వేశ్వరయ్య. ఇంటిపేరు మన వైపు ఊరిదే. అక్కడ ఉన్నది అందరూ ఇష్టపడే వాసన, దాన్ని పట్టి ఉంచడానికి సబ్బు ఒక డబ్బా. కాగా లైఫ్‌బాయ్ మన దేశంలో శతాబ్దం పైగా అమ్మింది ఎవరూ ముచ్చటపడని కార్బాలిక్ వాసనను. హాస్టల్లో ఆ ఎర్ర ఇటుకతో స్నానం చేసినవాళ్లకు ఆస్పత్రి, శుభ్రం, చలి మూడూ ఒకే వాసన. 2002లో కంపెనీ ఆ వాసనను తీసేసింది. ఇక వేప. కలకత్తాలో 1920ల నాటి మార్గో మొదలు ఇప్పటి ఇంటి సబ్బుల దాకా వేపనూనె వేసే ప్రతివారికీ ఒకటే బాధ, దాని వెల్లుల్లి కంపును ఏ పరిమళం చాటున దాచాలన్నది. ఒకరు ఇష్టాన్ని అమ్మారు, ఒకరు అయిష్టాన్నే మందుగా అమ్మారు, ఒకరు అయిష్టానికి ముసుగు వేసి అమ్మారు. చేసినవాళ్ల సొంత ముక్కుల మాట ఎవరి చరిత్రలోనూ నమోదు కాలేదు.

ఇష్టం వల్ల జరిగే నష్టం సంగతి చెప్పాలి. ముక్కుకు ఒక గుణం ఉంది. ఒకే వాసనలో కాసేపు కూచుంటే అది దాన్ని లెక్కలోంచి తీసేస్తుంది. అగరొత్తుల కొట్టువాడికి అగరొత్తులు వాసన రావు. అగ్గిపెట్టెల ఫ్యాక్టరీల్లో పనిచేసే ఆ ప్రాంతపు ఆడవాళ్లకు గంధకం వాసన తెలియదు, ఇంటికొచ్చాక చీర నుంచి పిల్లలకు తెలుస్తుంది. ఇష్టమైన వాసన విషయంలో ఇది మరీ మోసం. ఒకసారి అక్క తన కోసమని వట్టివేరు సబ్బు చేసింది. పోసింది, వాసన చూసింది, చాల్లేదనిపించింది, ఇంకాస్త పోసింది. కాటా చూడలేదు. ఇష్టమైనదానికి కాటా ఎందుకు? సబ్బు గట్టిపడ్డాక పక్కింటావిడకు ఇస్తే రెండు రోజులకు చేతులు ఎర్రగా కందిపోయాయి. మల్లె సబ్బుతో ఇన్నేళ్లలో ఒక్కరికీ అలా జరగలేదు. పడని వాసన కాబట్టి ముక్కు దాన్ని ఎప్పుడూ మరిచిపోలేదు, మరిచిపోదు కాబట్టి చెయ్యి 30 గ్రాములు దాటలేదు.

పైగా మల్లె సెంటు తుంటరిది. దాన్ని పోసేదాకా నూనె, సోడా నీళ్లు కలిసిన ముద్ద దోసెల పిండిలా జారుతుంటుంది. గరిటె ఎత్తి చారగా వదిలితే పైన గీత ఒక క్షణం నిలవాలి, అదీ అదను. పాకం చూసే కడలై మిట్టాయి మేస్త్రీకి కూడా అలాంటి క్షణమే ఉంటుంది. 2020లో భౌగోళిక గుర్తింపు వచ్చిన ఆ కోవిల్‌పట్టి పల్లీపట్టీల పనంతా పాకం పట్టు మీదే ఉంటుంది. సబ్బులో ఆ అదనుకు పూల సెంటు పడగానే ముద్ద ఒక్కసారిగా బిగుసుకుంటుంది, చూస్తుండగానే ఉప్మా అవుతుంది. లవంగనూనె అయితే ఇంకా దారుణం. నేను చూసిన రోజున అక్క సెంటును ముందే కొంచెం నూనెలో కలిపి ఉంచింది, చిలికే యంత్రం పక్కన పెట్టి చేతి గరిటె పట్టింది, 20 సెకన్లలో మొత్తం అచ్చులోకి దించేసింది. ఇష్టమైన వట్టివేరు ఏ మారాం చేయదు. అందుకే దాని దగ్గర ఆవిడ పనితనం కనిపించదు. మల్లె దగ్గరే కనిపిస్తుంది.

అచ్చులోంచి తీసి కోశాక మరీ కష్టం. సబ్బు ఆరాలి, నాలుగు నుంచి ఆరు వారాలు. ఒక మండలం అనుకోండి. ఆ 40 రోజులూ మల్లె సబ్బులు పడకగదిలో వెదురు తట్టల మీద ఉంటాయి, ఇంట్లో ఇంకో చోటు లేదు. అయ్యప్ప దీక్షకైనా మాల వేసుకున్నవాడి ఇష్టం ఉంటుంది. అక్క ముక్కుకు తడిగుడ్డ ఒక్కటే.

అన్నాచ్చికి దీక్ష అక్కర్లేదు, ఆయన ఉండేదే తన ఇష్టంలో. నలభై ఏళ్లుగా రోజంతా నువ్వుల నూనె వాసనలో కూచుంటారు. కష్టం అక్కడే వచ్చింది. కొట్టులో ఒక మూల పాత డబ్బా ముక్కిన వాసన వస్తోందని మొదట చెప్పింది ఆయన ముక్కు కాదు, మధ్యాహ్నం క్యారియర్ తెచ్చిన ఆయన ఇల్లాలిది. గుమ్మంలోనే ఆగి, కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుందట. అప్పటినుంచీ కొత్త సరుకును ఆయన పొద్దున్నే, కొట్టు తలుపులు తెరవకముందు, వీధిలో నిలబడి వాసన చూస్తారు. లోపలికి వెళ్లాక ఆయన ముక్కు మీద ఆయనకే నమ్మకం లేదు. ఇది చెబుతూ ఆయన సిగ్గుపడలేదు. తూకపు రాళ్లు అరిగినట్టు ముక్కూ అరుగుతుందన్నారు, నాకది గొప్ప మాటగా తోచింది.

అక్క కూడా తన ముక్కును నమ్మదు, ఇంకో కారణం చేత. మల్లె బాగుందో లేదో పడనివాళ్లు ఎలా చెబుతారు? అందుకని ఆరిన సబ్బును ఎదురింట్లో ప్లస్‌టూ చదివే పిల్ల చేతికిస్తుంది. ఆ పిల్లకు సీసా మల్లె అంటే ప్రాణం. పిల్ల ముఖం వెలిగితే సబ్బు అట్టపెట్టెకెక్కుతుంది. అటు ఇల్లాలి కొంగు, ఇటు ఎదురింటి పిల్ల ముఖం. ఒకరు ఇష్టం ముదిరి, ఒకరు అయిష్టం వల్ల, ఇద్దరూ చివరికి పరాయి ముక్కును అరువు తెచ్చుకున్నారు.

అన్నాచ్చి కొట్టులో ఇంకొకటి చూశాను. పై అరలో వరసగా రంగురంగుల దీపం నూనె ప్యాకెట్లు. మన వైపు దీపారాధన నూనె అని అమ్మేవాటి లాంటివే. కొన్నిటికి మల్లె, కొన్నిటికి గంధం, కర్పూరం వాసనలు కలిపారు. నచ్చనిది అమ్మని మనిషి కొట్టులో ఇవేమిటి? ఆయన నవ్వి, సామి వాసన చూడడు, కొనేవాళ్లు చూస్తారు అన్నారు. ఆయనకు ఆ వాసనలంటే పరమ చిరాకు. అందుకే సీలు తీయరు, దోసిట్లో పోసుకోరు, ఎక్కడినుంచి వచ్చినవి అలాగే పోతాయి. ఇంట్లో దీపానికి మాత్రం మంచి నూనే. ఇక్కడ నాకు అక్క వైపు కాస్త మొగ్గాలనిపించిన మాట నిజం. ఆవిడ పడనిదాన్ని మూత తీసి, తూచి, కలిపి, 40 రోజులు పక్కన పెట్టుకుని పడుకుంటుంది. ఈయన పడనిదాన్ని ముట్టకుండా అమ్ముతాడు. ఐతే వెంటనే ఇంకో సంగతి గుర్తొచ్చి సర్దుకున్నాను. ఆ పై అర లాభమే లేకపోతే, వెనక్కి పంపేసిన డబ్బా నష్టాన్ని ఆయన ఎక్కణ్నించి పూడుస్తాడు? దీపం నూనె మల్లె డబ్బుతోనే మంచినూనె పరువు నిలబడుతోంది. అటు చూస్తే అక్కకు కూడా వట్టివేరు సబ్బు చేసుకునే విలాసం మల్లె సబ్బుల డబ్బుతోనే వచ్చింది.

తిరిగి కోవిల్‌పట్టి వెళ్లేటప్పుడు అక్క చెప్పినట్టే అన్నాచ్చి దగ్గర రెండు కిలోల నువ్వుల నూనె కొన్నాను. అన్నాచ్చి దేనికని అడిగారు. సబ్బుకని చెబితే ముఖం మాడ్చుకున్నారు. ఇంత మంచి నూనెలో సోడా పోస్తారా అన్నట్టు చూసి, డబ్బులు తీసుకున్నారు. బస్సులో డబ్బా ఒళ్లో పెట్టుకుని కూచుంటే ఆయన వైపు కూడా న్యాయం ఉందనిపించింది.

నువ్వుల నూనె ఒక్కదానితో సబ్బు చేయడం తెలివైన పని కాదు, అక్కకు బాగా తెలుసు. మెత్తగా ఉంటుంది, నురగ సరిగా రాదు, ఎక్కువ కాలం నిలవదు. కొబ్బరినూనె మూడో వంతైనా కలపాలి. ఆవిడ కలిపింది కొంచెమే. సెంటు పోయలేదు. సోడా నీళ్లు అంత ఘాటుగా తగిలినా నువ్వుల వాసన పూర్తిగా పోలేదు. ముద్ద మీదికి వంగి చూస్తే అడుగున, చాలా అడుగున, తాటిబెల్లం కూడా ఉందనిపించింది. ఉందో, అన్నాచ్చి చెప్పారు కాబట్టి ఉందనిపించిందో. ఆ రోజు అక్క ముక్కుకు గుడ్డ కట్టుకోలేదు. గరిటె ఎత్తి పట్టుకుని చాలాసేపు అలా చూస్తూ ఉండిపోయింది, గీత ఎప్పుడో నిలిచినా.

"ఇది ఎవరికమ్ముతావక్కా?"

"ఇదెవరు కొంటారు తమ్ముడూ, వడియాల నూనె వాసన వస్తుందంటారు. ఇది నాకు. మండలం దాటాక నీకూ రెండు పంపిస్తాలే."

సరేనన్నాను. ఒక మాట మాత్రం ఆవిడతో చెప్పలేదు. అక్కడున్న నాలుగు రోజులూ నేను స్నానం చేసింది మల్లె సబ్బుతో. నాకది బాగా నచ్చింది. అరటిపండు ఘాటు ఎక్కడా లేదు, సోడా తిన్నంత తినగా మిగిలింది మెత్తగా, పలచగా ఉంది. సాయంత్రం దాకా చేతుల మీద నిలిచింది. రోజూ రెండుసార్లు స్నానం చేశాను. వాడని పూవు గురించి అంత బాగా మాట్లాడిన మనిషి ముందు ఈ సంగతి ఎలా చెప్పను? విమర్శకుణ్ని, నాకూ ఒక పరువుంది.

రెండు నెలలకు పార్సిల్ వచ్చింది. పాత తమిళ పేపర్లలో చుట్టి, పైన పురికొస కట్టి ఉంది. విప్పాను. నువ్వుల సబ్బు ఒకటి, చిన్నది. దాని కింద మల్లెవి ఆరు.